ఏడో నంబరు చీటీ

ఇది గొడుగు, అన్నాను. ఇది బిందె. ఇది నిచ్చెన. బొమ్మ మారినప్పుడల్లా ‘ఇది’ అని మొదలుపెట్టి ఆ వస్తువు పేరు చెప్పాలి, మాట పరీక్షించే శ్రీలత పెట్టిన నియమం అది. ‘ఇది’ వచ్చి పేరు రాకపోతే ఒక అర్థమట, అసలు నోరే పెగలకపోతే ఇంకో అర్థమట. యాభై ఆరేళ్ళ మనిషిని కుడివైపుకు తిప్పి పడుకోబెట్టి, తల కదలకుండా ఇనప చట్రంలో బిగించి, ఎడమ చెవికి పైన పుర్రెలో కిటికీ తెరిచి, బడిలో కొత్తగా చేరిన పిల్లను అడిగినట్టు ఇదేమిటి అదేమిటి అని అడుగుతున్నారు. నవ్వొస్తోంది. నవ్వితే తల వెనక ఉన్న నవీన్ డాక్టరు చేతికి ఇబ్బంది కాబట్టి లోలోపలే నవ్వుకుంటున్నాను. నొప్పి లేదు. పుర్రె తెరిచేటప్పుడు నిద్రపుచ్చారు, తర్వాత లేపారు, లేచేసరికి పచ్చగుడ్డల గుడారం కింద ఉన్నాను. ముందు నా పేరే అడిగారు. విజయలక్ష్మి అని టక్కున చెప్పేశాను. మెదడుకు నొప్పి తెలియదట. ఒంట్లో ఏ మూల ముల్లు గుచ్చుకున్నా కబురు అందుకునేది అదే, దాన్ని ముట్టుకుంటే మాత్రం దానికి తెలియదు. మా అత్తమ్మ గుర్తొచ్చింది. ఇంటిల్లిపాది బాధలూ వినేది, తన కాలి నొప్పి సంగతి మాత్రం ఆమె పోయాక గాని మాకు తెలియలేదు. ఇది కత్తిపీట, అన్నాను. శ్రీలత మాస్కు పైన కళ్ళతో మెచ్చుకుంది. చిన్నపిల్ల, హైదరాబాదులో చదివిందట, కనుబొమ్మలు సన్నగా తీర్చుకుంది, వాటితోనే సగం మాటలు మాట్లాడుతుంది.

నిన్న సాయంత్రం డాక్టరు ప్లాస్టిక్ మెదడు బొమ్మ ఒకటి తెచ్చి మంచం మీద పెట్టి అంతా చెప్పాడు. పైపొర జాకెట్టు గుండీ అంత మందమట, మడతలన్నీ విప్పి పరిస్తే పెద్ద దస్తీ అంత అవుతుందట, పుర్రెలో పట్టక అన్ని ముడతలు పడిందట. ఆ దస్తీలో ఎవరి చోటు వాళ్ళకు. వెనకవైపు చూపు. చెవుల పక్కన వినికిడి. ఆ చెవి నుంచి ఈ చెవి దాకా నడినెత్తి మీదుగా ఆడపిల్లలు పెట్టుకునే హెయిర్ బ్యాండులా రెండు వరసలు, ముందు వరస కదిలించేది, వెనక వరస ముట్టుకుంటే తెలిసేది. ఆ వరసలో మనిషి తలకిందులుగా ఉంటాడట, పైన కాలు, మధ్యలో చేయి, కింద మొహం. వీపుకు వేలెడు చోటు కూడా ఇవ్వరు, బొటనవేలికీ పెదాలకూ మాత్రం బోలెడంత. ఇది వినగానే మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జేపీఎన్ రోడ్డులో మాది దారాలు, గుండీలు, లేసులు అమ్మే దుకాణం. అక్కడా అంతే కదా. నల్లదారానికీ తెల్లదారానికీ రెండేసి అరలు, వంకాయరంగుకు ఒక్క డబ్బా. ఏది ఎక్కువ వాడితే దానికి ఎక్కువ చోటు. హుక్కుల పక్కన సూదులుంటాయి, సూదుల పక్కన అగరుబత్తీలుంటాయి, ఎందుకంటే అత్తమ్మ ఒకరోజు అక్కడ పెట్టింది, ఇక తీయలేదు. చేతికీ మొహానికీ ఏం సంబంధమని ఇరుగుపొరుగు పెట్టారో ఆ దేవుణ్ణే అడగాలి. మరి మాట ఎక్కడుంటుంది అని అడిగాను. ఎడమవైపు, ఇక్కడా ఇక్కడా అని రెండు చోట్ల వేలు పెట్టాడు, పెట్టి తీసేశాడు. పుస్తకంలో పటం ఉంది గానీ అందరి తలలూ పటం ప్రకారం ఉండవని, కాలూ చేయీ కాస్త అటూ ఇటూగా చెప్పిన చోటే దొరుకుతాయని, మాటలు మాత్రం ఒక్కొక్కరు ఒక్కోచోట దాచుకుంటారని చెప్పాడు. అందుకే మేలుకొలిపి నన్నే అడగాలట. ఇది కూడా మాకు కొత్త కాదు. మా దుకాణంలో ఏ గుండీ ఎక్కడుందో పక్క దుకాణం వాడికి ఎట్లా తెలుస్తుంది.

ఈ జబ్బు బయటపడిన రోజు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒక టైలరమ్మ వచ్చింది. రాణిరంగు రీళ్ళు ఆరు కావాలంది. సొరుగు లాగాను, రీళ్ళు కనబడుతున్నాయి, కుడిచేతి వేళ్ళు వాటంతటవే ఆడటం మొదలుపెట్టాయి, పక్కనున్న మా ఆయనను పిలుద్దామంటే నోరు రాలేదు. రెండు నిమిషాలే. తర్వాత అన్నీ మామూలే, టైలరమ్మకు రీళ్ళు కూడా నేనే కట్టిచ్చాను. కానీ ఆయన మొహం మామూలుగా లేదు. స్కాన్‌లో బత్తాయి గింజంతో బాదంపప్పంతో కాదు, నిమ్మకాయంత గడ్డ కనబడింది. మెల్లగా పెరిగేదేనట, చెడ్డదాంట్లో మంచిది అన్నాడు డాక్టరు. ఎంత ఎక్కువ తీస్తే అన్ని ఎక్కువేళ్ళు బాగుంటాను, వదిలేసిన ముక్క మళ్ళీ పెరుగుతుంది. అట్లాగని మాటలున్న చోట కోస్తే మాట పోతుంది. అందుకని ముందు కరెంటు పుల్లతో ఒక్కో చోటా ముట్టి చూస్తారు. ముట్టినప్పుడు మాట ఆగిందంటే అక్కడ మాట కాపురముంటోందని ఒక నంబరు చీటీ పెట్టి, ఆ చుట్టూ ఏమీ తీయకుండా వదిలేస్తారు. ఇదంతా కొడుకు ఉదయ్‌కూ కోడలు దీప్తికీ అర్థమైంది, నాకూ అర్థమైంది, ఆయనకు మాత్రం ఒక్కటే అర్థమైంది. నేను మళ్ళీ మాట్లాడతానా లేదా అని.

ఇది చీపురు. ఇది కోడిపుంజు. గోడ గడియారం పది దాటి పావుగంటైంది. మొదట చేయి చూశారు. నా బొటనవేలు నన్ను అడగకుండా లేచి నిలబడింది. ఆశ్చర్యంగా దాన్నే చూశాను, పుట్టినప్పటి నుంచి నా మాట వింటున్న వేలు ఇవాళ ఇంకొకరి మాట వింటోంది. తర్వాత కింది పెదవి తిమ్మిరెక్కింది, సరిగ్గా పక్కపక్క ఇళ్ళే. ఒకటి, రెండు, మూడు, చీటీలు పడ్డాయి. తర్వాత బొమ్మలు మొదలయ్యాయి, నాలుగో చోట కత్తెర బొమ్మ వచ్చింది. ఇది, అన్నాను. ముప్పై ఆరేళ్ళుగా నా చేతిలో ఉన్న వస్తువు. లేసు కోసింది, రిబ్బను కోసింది, ఉదయ్ పుట్టినప్పుడు వాడి గోళ్ళు కోద్దామని నేను తీస్తే అత్తమ్మ తిట్టింది. అది పట్టుకుంటే వేళ్ళకు తెలిసే చల్లదనం కూడా వచ్చింది, పేరు మాత్రం రాలేదు. సొరుగు లాగితే ఖాళీగా ఉన్నట్టుంది. భయం వేసింది, నిజంగా భయం వేసింది. డాక్టరు పుల్ల తీశాడు. కత్తెర, కత్తెర, కత్తెర, ఎవరూ అడగకుండానే మూడుసార్లు అన్నాను. మత్తు డాక్టరమ్మ నా చేయి నిమిరింది. ఐదో చోట ఏమీ ఆగలేదు, చీటీ పెట్టలేదు. ఆరో చోటా అంతే.

తర్వాత ఫోటో వచ్చింది. బొమ్మల మధ్యలో ఇంట్లో వాళ్ళ ఫోటోలు కూడా కలపమని ఉదయ్‌కు చెప్పారట, వాడు ఫోన్‌లోంచి తీసిచ్చాడు. మనవరాలు అక్షర ఊడిన పన్ను చూపిస్తూ దిగిన ఫోటో ఇంతకుముందే వచ్చింది. ఇప్పుడు వచ్చింది ఆయన. దుకాణం గల్లా ముందు, మెడలో కొలత టేపు, ఫోటో తీస్తున్నాడని తెలిసి ఊపిరి బిగబట్టిన మొహం. ఈయన, అన్నాను. ఆగాను. అలవాటుగా పక్కకు చూశాను. అక్కడ ఆయన లేరు, పచ్చగుడ్డ ఉంది.

ఎప్పుడూ ఉంటారు. రేషన్ ఆఫీసులో, బ్యాంకులో, జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు, ఉదయ్‌ను బడిలో చేర్చినప్పుడు, భర్త పేరు అని ఎవరన్నా అడగడం, నేను పక్కకు చూడడం, ఆయన చెప్పేయడం. ఆయన లేకపోతే పక్కింటామె చెప్పేది. ఎవరూ లేకపోతే కాగితం అడిగి రాసిచ్చేదాన్ని. నిన్న కూడా అంతే జరిగింది. ఆపరేషనుకు ముందు ఏ బొమ్మలకు పేర్లు సరిగ్గా చెప్పగలనో చూసుకోవడానికి శ్రీలత వచ్చింది. చెప్పలేనివి కట్టలోంచి తీసేస్తుంది, చెప్పినవే ఇవాళ చూపిస్తుంది. కిరీటం, సింహాసనం ఉన్నాయన బొమ్మ వచ్చింది. ఆ బొమ్మ పేరు మా ఆయన పేరులో సగం. కిరీటం పెట్టుకున్నాయన, అన్నాను. శ్రీలత కనుబొమ్మలు ముడిచి ఆ బొమ్మను తీసేసింది. ఆమెకేం తెలుసు, తిరుపతిలో ఉన్న దేవుణ్ణి కూడా నేను కొండమీది స్వామి అంటాను, ఆయన పేరులో మిగతా సగం ఆ స్వామిది. దుకాణానికి దారి అడుగుతూ ఫోన్ చేసినవాళ్ళకు, బోర్డు మీద పెద్దక్షరాలతో ఉంటది చూసుకుంట రాండ్రి అంటాను. తర్వాత ఫోటో వచ్చింది. నేను పక్కకు చూశాను, కుర్చీలో కూర్చున్న ఆయన తన పేరు తానే చెప్పేశారు. అందరం నవ్వాం. శ్రీలత కూడా నవ్వుతూ టిక్కు పెట్టుకుంది.

ఆ టిక్కు మూలంగానే ఈ ఫోటో ఇవాళ ఇక్కడిదాకా వచ్చింది. కానీ ఇదంతా ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఈయన, అని ఆగిపోయి, ఎవరన్నా చెబుతారేమోనని చూస్తూ ఉన్నాను. శ్రీలత మెల్లగా, ‘ఈయన’ వచ్చింది, పేరు రాలేదు అంది. డాక్టరు కాసేపు ఆగి మళ్ళీ పుల్ల పెట్టాడు, మళ్ళీ అదే ఫోటో. మళ్ళీ ఈయన అన్నాను, మళ్ళీ ఊరుకున్నాను. ఏడు, అన్నాడు డాక్టరు. చీటీ పెట్టాడు. సరిగ్గా దీని కిందే మంచి ముక్క ఉంది, వదిలేయాల్సిందే, మనుషుల పేర్లు ఇక్కడ పెట్టుకున్నట్టున్నది అని పక్క డాక్టరుతో అంటున్నాడు. ఆ గొంతులో నిరాశ ఉంది. మంచి ముక్క అంటే తీయదగ్గ ముక్క అని నాకు తెలుసు. వదిలేయడం అంటే ఏమిటో కూడా తెలుసు.

నాలుగో చోట సొరుగు ఖాళీ. ఏడో చోట సొరుగు నిండుగా ఉంది, లాగకుండా పట్టుకున్న చేయి నాది. ఈ తేడా బయటినుంచి చూసేవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? రెండూ మౌనమే కదా. చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఇంత పెద్ద మిషన్ల మధ్య, ఇంత చదువుకున్న వాళ్ళ మధ్య.

“సారూ, అది కరెంటుతోని కాదు,” అన్నాను. “నేనే చెప్పలే.”

శ్రీలత కనుబొమ్మలు పైకి లేచాయి. ఎందుకు చెప్పలేదని అడిగింది. మేం చెప్పం బిడ్డా, ఆయన పేరు మా నోట్లె నుంచి రావద్దు అన్నాను. తర్వాత గుడ్డల అవతలి నుంచి డాక్టరు గొంతు, ఈసారి డాక్టరు గొంతులా కాదు, ఎవరింటి పిల్లవాడి గొంతులానో వచ్చింది.

“మా నాయనమ్మ సుత చెప్పకపోతుండె. మా తాత పోయినంక సర్టిఫికెట్ కాడ సుత నన్నే చెప్పుమన్నది. మీరు చెప్పింది నేను నమ్ముతాన అమ్మా. కానీ నాకు రుజువు గావాలె. కరెంటు వెట్టినప్పుడు అదే పేరు మీ నోట్లెకెల్లి వస్తెనే అక్కడ మాటలు లెవ్వని తెలుస్తది.”

మనవరాలి పేరు చెబుతాను, కొడుకు పేరు చెబుతాను, వందసార్లు చెబుతాను అన్నాను. కుదరదట. ఆగిన మాటతోనే మళ్ళీ చూడాలట, కొత్త మాట వచ్చినా పాత మాట ఎందుకు ఆగిందో తేలదట. ఊరికే కరెంటు పెడుతూ పోతే ఫిట్స్ వస్తాయట. మూడుసార్లు పెడతాను, మూడుసార్లూ రావాలి, ఒక నిమిషం ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకోవడానికి ఇచ్చిన నిమిషం అంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు.

పేరు చెబితే మొగుడి ఆయుష్షు తగ్గుతుంది, మా అత్తమ్మ చిలుకమ్మ నేర్పిన మొదటి పాఠం అది. నేను నమ్మానా? ఇప్పుడు నమ్ముతున్నానా? దీప్తి కాపురానికి వచ్చిన వారానికే మెట్ల మీద నుంచి ఉదయ్ అని కేకేసింది, నాకు గుండె ఆగినంత పనైంది. నెల తిరిగేసరికి ఆ కేక ఇంట్లో కుక్కరు విజిల్‌లా అలవాటైంది. వాడి ఆయుష్షుకు ఏమీ కాలేదు, పొట్ట కూడా వచ్చింది. నమ్మకం బుర్రలో ఉంటే ఎప్పుడో పోయేదే, నాకు అది నాలుక మీద ఉంది. డాక్టరు పటంలో నాలుకకు కూడా పెద్ద చోటే ఇచ్చారు. నా ఏళ్ళు పెరగడానికి ఆయన ఏళ్ళు తగ్గించాలా? ఒకవేళ చెబుదామని నోరు తెరిస్తే నిజంగానే రాకపోతే? ముప్పై ఆరేళ్ళు వాడకుండా మూలన పడేసిన పేరు, ఎలుకలు కొట్టేసి ఉంటే? ఆ భయం ముందు అత్తమ్మ భయం చిన్నదైపోయింది. నేను పలకలేదు గాని ఆ పేరు నాది, నేను దాచుకున్నది, దాచుకున్నామనుకున్నది అక్కడ లేదని తెలిస్తే ఇన్నేళ్ళ మౌనానికి అర్థమేముంది.

ఒక్కసారి చెప్పాను, మర్చిపోయాననుకున్నాను గాని మర్చిపోలేదు. పెళ్ళయి ఇంటికి వచ్చినరోజు ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడింది, పేర్లు చెబితేనే లోపలికి రానిస్తానంది. ముందు ఆయన చెప్పారు, విజయలక్ష్మి అని, బజారంతా వినబడేలా. మళ్ళీ ఆయనా ఎన్నడూ నా పేరు ఎత్తలేదు, ఇగో అంటారు, ఇంటానవా అంటారు, ఉదయ్ పుట్టాక ఉదయ్ వాళ్ళమ్మా అంటారు. నేను తల వంచుకుని గొణిగాను. వినపడలే, మళ్ళ చెప్పు వదినా అంది ఆడబిడ్డ. మళ్ళీ చెప్పాను. వినపడలే. మూడోసారి గట్టిగా అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కుడికాలు లోపల పెట్టాను. చెబితేనే లోపలికి రానిచ్చారు కదా, అప్పుడు తగ్గని ఆయుష్షు ఇప్పుడు ఎందుకు తగ్గాలి?

పెట్టు సారూ, అన్నాను.

ఫోటో వచ్చింది. మెడలో టేపు, బిగబట్టిన ఊపిరి. పెట్టాను అన్నాడు డాక్టరు. ఈయన, అన్నాను, సొరుగు లాగాను.

“ఈయన వెంకట్రాజం.”

వచ్చింది. ఎలుకలు కొట్టలేదు, రంగు కూడా వెలవలేదు. నా చెవులకే కొత్తగా ఉంది, నా గొంతులో ఆ పేరు ఎట్లా ఉంటుందో నాకే తెలియదు. రెండోసారి పుల్ల పెట్టారు. ఈయన వెంకట్రాజం, అన్నాను, ఈసారి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఏదో మిషను గుర్రుమంటోంది. వినపడలేదమ్మా, మళ్ళీ చెప్పండి అంది శ్రీలత. నిజంగా ఆ మాటే అంది. మూడోసారి గట్టిగా అన్నాను, గడప అవతల నిలబడ్డవాళ్ళకు చెప్పినట్టు అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చేతుల్లో ఎవరి పనిముట్లు వాళ్ళకున్నాయి. ఏడు తీసేయండి అన్నాడు డాక్టరు. ఇనప గిన్నెలో చీటీ పడిన చప్పుడు చిన్నగా వినబడింది.

అక్కడి నుంచి నేను ఆగకుండా మాట్లాడుతూ ఉండాలట, మాట తడబడితే వాళ్ళు చేయి ఆపుతారు. దుకాణంలో ఏ అరలో ఏముందో చెప్పమంది శ్రీలత. చెబుతూ పోయాను, ఎడమవైపు పై అర నల్లదారం, దాని కింద తెల్లది, పక్కన చీర ఫాల్స్, హుక్కులు, సూదులు, అగరుబత్తీలు. ఏడో నంబరు కింది నుంచి వాళ్ళు ఏదో తీస్తున్నారు, నేను గుండీల దగ్గరికి వచ్చాను, నాలుగు చిల్లులవి ఒకవైపు, రెండు చిల్లులవి ఒకవైపు. ఒక్క మాటా తడబడలేదు. బాగా వచ్చిందమ్మా, అనుకున్నదానికంటె ఎక్కువే వచ్చింది అన్నాడు డాక్టరు. నర్సు శోభారాణిని పంపి బయట ఇంటివాళ్ళకు చెప్పిరమ్మన్నాడు.

ఆమె వెళ్ళినంత త్వరగానే తిరిగొచ్చింది. ములుగు దిక్కు పిల్ల, ఏదీ దాచుకోలేదు.

“మాట మంచిగ వస్తాంది, మీ పేరు మూడుసార్లు చెప్పింది అని చెప్పిన సారూ. ఆయన మొహం తెల్లగైంది. నా పేరా, మా ఆమె నా పేరు చెప్పదమ్మా, తలకాయల ఏదో తేడా కొట్టింది, జర డాక్టరును అడుగు అంటాండు. కొడుకు చెప్పినా ఇంటలేడు.”

డాక్టరు చేయి ఆగింది. శ్రీలత గబుక్కున నా కళ్ళలోకి చూసింది. నాకు నవ్వు ఆగలేదు, చట్రంలో తల కదలదు కాబట్టి నవ్వంతా పొట్టలోనే తిరిగింది. చెప్పకపోతే వీళ్ళు భయపడ్డారు, చెబితే ఆయన భయపడ్డారు. పాపం, బయట కుర్చీ అంచు మీద కూర్చుని మోకాళ్ళు ఊపుతూ ఉంటారు. నేను నేనేనని ఆయనకు తెలియాలి, అంతే.

“ఉదయ్ వాళ్ళ నాయనకు చెప్పు బిడ్డా,” అన్నాను. “పొద్దటి బీపీ గోలీ ఏసుకున్నడా అని అడుగు. చాయ్ మీద చాయ్ తాగకుమను.”

శోభారాణి మళ్ళీ వెళ్ళింది. ఇక నిద్రపుచ్చుతాం అంది మత్తు డాక్టరమ్మ. ఒక్క నిమిషం ఆగమన్నాను. తలుపు తెరుచుకుంది.

“ఫికర్ వోయిందమ్మా. కూసున్నడు,” అంది శోభారాణి. “విజయలక్ష్మికి చెప్పు, గోలీ ఏసుకున్న అన్నడు.”

“ఏమన్నడు?”

“గోలీ ఏసుకున్నడట.”

“అది కాదు. అంతకుముందు ఏమన్నడు?”

శ్రీలత కనుబొమ్మలు మళ్ళీ ముడిపడ్డాయి, నాకు వినికిడి చోట ఏమన్నా అయిందేమోనని డాక్టరు వైపు చూసింది. శోభారాణి నా మొహం దగ్గరికి వంగింది.

“విజయలక్ష్మికి చెప్పు అన్నడు.”

“వినపడలే,” అన్నాను. “మళ్ళ చెప్పు.”